అంటువ్యాధి కమ్ముకున్న కాలంలో పసిపిల్లలకూ, వారిని పెంచే పెద్దలకూ అండగా నిలవడం ఎలా?

కొత్త కరోనా వైరస్ వ్యాప్తిని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 జనవరి 30న అంతర్జాతీయ ఆరోగ్య అత్యవసర పరిస్థితిగా ప్రకటించింది. మార్చి 11న దాన్ని మహమ్మారి అని పేర్కొంది. ఆ అత్యవసర పరిస్థితి ముగిసిందని 2023 మే 5న చెప్పింది. పెద్దవాళ్ల జీవితంలో అది మూడేళ్ల మూడు నెలల ఆటంకం. తొలి ప్రకటన వెలువడిన వారంలో పుట్టిన బిడ్డకు మాత్రం అదే అప్పటిదాకా గడిచిన జీవితమంతా; ఆ కాలంలోనే ఆ బిడ్డ మెడ నిలిపింది, బోర్లా పడింది, నడిచింది, మాట్లాడింది. కాబట్టి "పరిస్థితి చక్కబడ్డాక చూసుకుందాం" అనే మాట పసిపిల్లల విషయంలో చెల్లదు.

పసిబిడ్డకు సంక్షోభం వార్తల ద్వారా తెలియదు. తనను ఎత్తుకున్న చేతుల బిగువును బట్టి, తన మీదికి వంగిన ముఖాన్ని బట్టి తెలుస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్, ప్రపంచ బ్యాంకు కలిసి 2018లో వెలువరించిన పసిపిల్లల సంరక్షణ మార్గదర్శక చట్రం అయిదు అంశాలను ప్రస్తావిస్తుంది: మంచి ఆరోగ్యం, తగిన పోషణ, బిడ్డ పిలుపుకు స్పందించే పెంపకం, భద్రత, చిన్ననాటి నుంచే నేర్చుకునే అవకాశాలు. ఈ అయిదూ ఎవరో ఒక పెద్దమనిషి చేతుల మీదుగానే బిడ్డకు చేరాలి. ఆ మనిషి కుంగిపోతే అయిదూ ఒకేసారి ఆగిపోతాయి. అందుకే ఈ మార్గదర్శిలోని మెట్లు పిల్లలతో కాక, పెంచేవారితో మొదలవుతాయి. ఆరేళ్లలోపు పిల్లలున్న తల్లిదండ్రులు, అమ్మమ్మలు, తాతయ్యలు, వారికి తోడుండే బంధువులు, బడి ఉపాధ్యాయులు, ఆరోగ్య కార్యకర్తలు దీన్ని తమ తమ పరిస్థితికి తగినట్టు వాడుకోవచ్చు.

మొదటి మెట్టు: పెంచే మనిషికి ప్రత్యామ్నాయం సిద్ధం చేయండి

ఇంట్లో బిడ్డను ప్రధానంగా చూసుకునే వ్యక్తి రేపు పొద్దున జ్వరంతో మంచం పడితే ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నకు జబ్బు రాకముందే జవాబు ఉండాలి. ఒక్కరు చాలరు, ఇద్దరిని అనుకోండి. ఎందుకంటే అంటువ్యాధి తరచుగా ఒకే ఇంట్లోని వారందరినీ వరుసగా పడగొడుతుంది. వీలైతే ఆ ఇద్దరిలో ఒకరు వేరే ఇంట్లో ఉండేవారై ఉండాలి. అమ్మమ్మ, నాయనమ్మలే సహజంగా ముందు గుర్తుకొస్తారు గానీ, కొవిడ్ వంటి వ్యాధి వయసు మళ్లిన వారి మీదే ఎక్కువ తీవ్రంగా విరుచుకుపడుతుంది కాబట్టి, కేవలం వారి మీదే ఆధారపడటం బిడ్డకూ వారికీ కూడా మంచిది కాదు.

తర్వాత ఒక కాగితం రాయండి. ఈ మార్గదర్శి మొత్తంలో ఒక్క పని మాత్రమే చేయగలిగే తీరిక ఉంటే, ఈ కాగితం రాయమనే చెబుతాను. బిడ్డ పుట్టిన తేదీ, బరువు, పడని మందులు, పడని ఆహారం, వేయించిన టీకాలు, రోజూ వాడే మందులు, వైద్యుల ఫోన్ నంబరు అందులో ఉండాలన్నది అందరికీ తోచేదే. దానితోపాటు బిడ్డ నీళ్లను ఏ మాటతో అడుగుతుంది, ఏ వైపు తిప్పి ఎత్తుకుంటే ఏడుపు మానుతుంది, ఏ గుడ్డ పట్టుకుంటే నిద్రపోతుంది, ఏ శబ్దానికి జడుసుకుంటుంది అనే వివరాలూ రాయాలి. రాత్రి రెండు గంటలకు, తల్లి లేని ఇంట్లో, ఏడుస్తున్న రెండేళ్ల బిడ్డను ఎత్తుకుని నిలబడిన మనిషికి టీకాల పట్టిక కంటే ఈ వివరాలే ఎక్కువ అక్కరకొస్తాయి. కాగితం ఒక ప్రతి ఇంట్లో అందరికీ తెలిసిన చోట, మరో ప్రతి ప్రత్యామ్నాయ సంరక్షకుల దగ్గర ఉండాలి.

రెండవ మెట్టు: పెంచే మనిషి మనసును చూసుకోండి

మీరు బిడ్డను పెంచేవారు కాక, వారికి తోడుండే వారైతే, "ఎలా ఉన్నావు?" అని అడగకండి, దానికి "బాగానే ఉన్నాను" అన్న జవాబు తప్ప మరొకటి రాదు. "నిన్న రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయావు? ఇవాళ కూర్చుని తిన్నావా? చివరిసారి ఒంటరిగా పది నిమిషాలు ఎప్పుడు గడిపావు?" అని అడగండి. విపత్తుల్లో తొలి మానసిక సాయానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ 2011లో వెలువరించిన మార్గదర్శకాల సారం మూడు పనుల్లో ఉంది: గమనించడం, వినడం, అవసరమైన సాయంతో కలపడం. ఇందులో సలహా చెప్పడం అన్నది మొదటి పనుల్లో లేదన్నది గమనించదగిన విషయం. అలసిన తల్లికి సలహా కూడా మరో పనే అవుతుంది. దానికి బదులు ఒక పూట వంట, రెండు గంటల నిద్రకు వీలు, మందుల దుకాణానికి వెళ్లి రావడం వంటి స్పష్టమైన సాయం ఒకటి చేస్తానని చెప్పి, చెప్పిన వేళకు చేయండి.

దిగులు, ఏ పని మీదా ఆసక్తి లేకపోవడం, బిడ్డ పడుకున్నా తనకు నిద్ర పట్టకపోవడం, తాను పనికిరాననే భావన రెండు వారాలకు మించి కొనసాగితే అది వట్టి అలసట కాదు, వైద్యుల సాయం అవసరమైన స్థితి. కొత్తగా కన్న తల్లుల్లో ఇది మరీ జాగ్రత్తగా చూడాలి. ఎందుకంటే సాధారణ కాలంలో బాలింత చుట్టూ ఉండే మనుషుల్ని అంటువ్యాధి దూరం చేస్తుంది. తనకు గానీ బిడ్డకు గానీ హాని చేసుకోవాలన్న ఆలోచన వస్తున్నట్టు ఆమె చెబితే, ఆమెను ఒంటరిగా వదలకుండా వెంటనే వైద్య సాయం అందించాలి.

కోపం గురించి కూడా దాచుకోకుండా మాట్లాడుకోవాలి. నెలల పిల్లలు కారణం లేకుండా ఏడుస్తారు. ఆ ఏడుపు చాలామంది శిశువుల్లో రెండో నెల ప్రాంతంలో పతాక స్థాయికి చేరి తర్వాత తగ్గుతుంది. నాలుగు గోడల మధ్య, సాయం లేకుండా ఆ ఏడుపు వినేవారికి ఒళ్లు తెలియని కోపం రావడం వింత కాదు. ఆ క్షణంలో బిడ్డను సమతలమైన, సురక్షితమైన పడక మీద వెల్లకిలా పడుకోబెట్టి, గది బయటికి వచ్చి, కొన్ని నిమిషాలు ఊపిరి పీల్చుకుని, ఎవరికైనా ఫోన్ చేయాలి. ఆ కొద్ది నిమిషాల ఏడుపు బిడ్డకు హాని చేయదు. బిడ్డను పట్టుకుని కుదిపితే మాత్రం మెదడులో రక్తస్రావం జరిగి ప్రాణం పోవచ్చు. ఈ మాట ఇంట్లో ప్రతి పెద్దమనిషికీ ముందుగానే చెప్పి ఉంచండి.

వార్తల సంగతి క్లుప్తంగా: రోజుకు రెండు వేళలు పెట్టుకుని, నమ్మదగిన ఒకటి రెండు ఆరోగ్య వనరుల్లో చూసి, మూసేయండి. బిడ్డ మెలకువగా ఉన్న గదిలో టీవీలో మరణాల లెక్కలు రోజంతా నడవనివ్వకండి. మూడేళ్ల పిల్లలకు అంకెలు అర్థం కావు గానీ, వాటిని చూస్తున్న మీ ముఖం అర్థమవుతుంది.

మూడవ మెట్టు: వయసుకు తగిన రక్షణ

పెద్దలకు పనికొచ్చిన ప్రతి జాగ్రత్తా పసిపిల్లలకు పనికిరాదు. కొవిడ్ కాలంలో అయిదేళ్లు, అంతకంటే తక్కువ వయసు పిల్లలకు మాస్కు తప్పనిసరి చేయరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2020లో సూచించాయి. రెండేళ్లలోపు బిడ్డకు మాస్కు అసలే వేయకూడదు. ఊపిరి అందకపోతే దాన్ని తానే తీసేసుకునే శక్తి ఆ వయసుకు ఉండదు. బిడ్డకు వేయలేని మాస్కును బిడ్డ దగ్గరికి వచ్చే పెద్దలు వేసుకోవాలి.

అయితే ఇక్కడొక చిక్కుంది. మనస్తత్వ శాస్త్రవేత్త ఎడ్వర్డ్ ట్రానిక్, ఆయన సహచరులు 1978లో ప్రచురించిన ప్రయోగంలో, అప్పటిదాకా నవ్వుతూ ఆడించిన తల్లి ఒక్కసారి ముఖంలో ఏ కదలికా లేకుండా ఉండిపోతే, శిశువు ఆమెను మళ్లీ మాట్లాడించాలని రకరకాలుగా ప్రయత్నించి, చివరికి ముఖం తిప్పుకుని ముడుచుకుపోయింది. పిల్లలకు ఎదుటి ముఖం నుంచి వచ్చే జవాబు అంత ముఖ్యం. కాబట్టి మాస్కు వేసుకోవలసి వచ్చినప్పుడు ముందు దూరం నుంచి ముఖం చూపించి, నవ్వి, ఆ తర్వాత బిడ్డ చూస్తుండగానే మాస్కు కట్టుకోండి. కళ్లతో, కనుబొమలతో, గొంతుతో, చేతులతో మామూలు కంటే ఎక్కువగా మాట్లాడండి. దాగుడుమూతల ఆటలాగా మాస్కును ఒక బొమ్మకు కట్టి విప్పితే, రెండు మూడేళ్ల పిల్లల భయం చాలావరకు పోతుంది.

చేతులు కడిగే అలవాటుకు ఇరవై సెకన్లు పట్టే పాటొకటి చాలు. సబ్బు, నీళ్లు లేని చోటే శానిటైజర్ వాడాలి, అదీ కనీసం 60 శాతం ఆల్కహాలు ఉన్నది, పెద్దలు స్వయంగా పిల్లల చేతికి వేసి, తడి ఆరేదాకా దగ్గరుండి రుద్దించాలి. ఇంట్లోకి కొత్తగా వచ్చిన రసాయనాల ప్రమాదాన్ని చాలామంది తక్కువ అంచనా వేస్తారు. 2020 తొలి నెలల్లో అమెరికాలోని విష సమాచార కేంద్రాలకు శుభ్రపరిచే ద్రవాలు, క్రిమిసంహారకాల గురించి వచ్చిన ఫోన్లు అంతకుముందు ఏడాదితో పోలిస్తే బాగా పెరిగాయి, వాటిలో అయిదేళ్లలోపు పిల్లల వాటా పెద్దది. శానిటైజర్ సీసాను మందుల సీసాతో సమానంగా చూసి, తాళంలో పెట్టండి. ఏ రసాయనాన్నీ తాగే సీసాల్లో పోసి ఉంచకండి.

చనుబాల విషయంలో భయం అనవసరమైన నష్టం చేసింది. తల్లికి కొవిడ్ సోకినా, సోకిందన్న అనుమానం ఉన్నా చనుబాలు మాన్పించవద్దని, ఆమె మాస్కు వేసుకుని, చేతులు కడుక్కుని పాలివ్వడం కొనసాగించాలని, తల్లీబిడ్డలను ఒకే గదిలో ఉంచాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లోనే చెప్పింది. అయినా ఎన్నోచోట్ల బిడ్డను వేరు చేశారు. మరో కొత్త వ్యాధి వచ్చినప్పుడు దాని సంగతి వేరు కావచ్చు, ఆ వ్యాధికి సంబంధించిన సూచనను వైద్యులను అడిగి తెలుసుకోవాలి. కానీ భయపడి ముందుగానే మాన్పించేస్తే, ఆగిన పాలను తిరిగి తెప్పించడం కష్టం. తల్లి లేవలేని స్థితిలో ఉంటే పిండిన పాలను శుభ్రమైన కప్పుతోనో చెంచాతోనో మరొకరు పట్టవచ్చు.

నాలుగవ మెట్టు: ఆగకూడని వాటిని ఆగనివ్వకండి

ఒక జబ్బు మీదే అందరి చూపూ ఉన్నప్పుడు మిగతా జబ్బులు సందు చూసుకుని వస్తాయి. 2014-16 మధ్య పశ్చిమ ఆఫ్రికాలో ఎబోలా చెలరేగినప్పుడు సాధారణ టీకాలు కుంటుపడి తట్టు తిరిగి ప్రబలింది. 2021లో కంఠవాతం, ధనుర్వాతం, కోరింత దగ్గు టీకా డోసుల్లో ఒకటో అంతకంటే ఎక్కువో తప్పిపోయిన పిల్లలు ప్రపంచవ్యాప్తంగా 2.5 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లెక్క తేల్చాయి, వారిలో 1.8 కోట్ల మందికి ఒక్క డోసూ అందలేదు. కాబట్టి టీకా తేదీ దగ్గర పడగానే ఆరోగ్య కేంద్రానికి ఫోన్ చేసి, రద్దీ తక్కువగా ఉండే వేళ అడిగి వెళ్లండి. తేదీ దాటిపోయినా చాలా టీకాలను మొదటి నుంచి మొదలుపెట్టనక్కరలేదు, ఆగిన చోటి నుంచి కొనసాగిస్తారు. "తేదీ పోయింది, ఇక వేయరు" అనుకుని వెళ్లకపోవడమే అసలు నష్టం.

ఆహారం విషయంలో నియమాలు మారవు: ఆరు నెలల దాకా చనుబాలు మాత్రమే, ఆ తర్వాత మెత్తని ఘనాహారంతో పాటు రెండేళ్లు, అంతకు పైనా చనుబాలు. విరేచనాలు పట్టుకుంటే ఓఆర్‌ఎస్ వెంటనే మొదలుపెట్టాలి, ఆహారం ఆపకూడదు; దానితోపాటు 10 నుంచి 14 రోజులు జింక్ ఇస్తారు. అంటువ్యాధి వేళ చిట్కా వైద్యాలు చేతులు మారుతూ వస్తాయి. వాటిలో ఒకదాని గురించి గట్టిగా చెప్పాలి: దగ్గుకు మంచిదని ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించకండి, బొటులిజం అనే ప్రమాదకరమైన విషప్రభావం కలగవచ్చు.

అయిదవ మెట్టు: రోజుకొక వరుస

బడి, పని వేళలు పోయినప్పుడు పిల్లల రోజుకు ఆకారం పోతుంది. గడియారం చూడటం రాని పిల్లలకు ఒకదాని తర్వాత ఒకటి వచ్చే పనుల వరుసే గడియారం. నిమిషాల లెక్కతో పట్టిక గీయకండి. లేవడం, స్నానం, తిండి, ఆట, నిద్ర రోజూ అదే వరుసలో వస్తే చాలు. ఏడాది నుంచి నాలుగేళ్ల వయసు పిల్లలకు రోజంతటి మీద కనీసం 180 నిమిషాల శారీరక కదలిక ఉండాలని, ఏడాది నిండని వారికి స్క్రీన్ అసలు వద్దని, రెండు నుంచి నాలుగేళ్ల వారికి గంటకు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో సూచించింది. ఇంటి నుంచే ఉద్యోగం చేస్తూ, ఇద్దరు పిల్లల్ని చూసుకుంటూ ఈ గంట లెక్క దాటకుండా ఉండగలిగినవారు తక్కువ. దాటినందుకు అపరాధ భావంతో కుంగిపోవడం కంటే, నిద్రకు ముందు స్క్రీన్ తీసేయడం, మిగతా సమయంలో ఇరవై నిమిషాలైనా ఫోన్ పక్కన పెట్టి బిడ్డ ఎంచుకున్న ఆటలో బిడ్డ చెప్పినట్టు ఆడటం ఎక్కువ మేలు చేస్తాయి. దూరంగా ఉన్న తాతయ్యలతో వీడియోలో మాట్లాడటాన్ని స్క్రీన్ లెక్కలో వేయకండి.

ఆరవ మెట్టు: పిల్లలకు చెప్పడం

మూడు నుంచి ఆరేళ్ల వయసులో పిల్లలు ప్రపంచంలో జరిగేవాటికి తామే కారణమని నమ్ముతారు. "నేను అన్నం తినలేదు, అందుకే నాన్నకు జబ్బు చేసింది" అనే లెక్క ఆ వయసులో సహజం, వారు దాన్ని పైకి చెప్పరు కూడా. అందుకే వారు అడగకపోయినా మీరే చెప్పాలి: "ఇది కంటికి కనబడని చిన్న క్రిమి వల్ల వచ్చింది. నువ్వు చేసిన పని వల్ల గానీ, అన్న మాట వల్ల గానీ రాలేదు." ముందు బిడ్డకు ఏం తెలుసో అడిగి, తప్పుంటే సరిచేసి, అడిగినంత మేరకే జవాబు చెప్పి, ఆగండి. అదే ప్రశ్న పదిసార్లు వస్తుంది. పదిసార్లూ అదే జవాబు అదే గొంతుతో వినడమే బిడ్డకు కావలసిన ధైర్యం. "మనకేం కాదు" అని మాట ఇవ్వకండి. "ఏమైనా నిన్ను చూసుకునే వాళ్లు ఉంటారు" అని చెప్పి, ఆ మనుషుల పేర్లు చెప్పండి. మొదటి మెట్టులో ఎంచుకున్న పేర్లు ఇక్కడ పనికొస్తాయి.

పక్క తడపడం, వేలు చీకడం, మానేసిన ముద్దు ముద్దు మాటలు తిరిగి రావడం, తల్లి కొంగు వదలకపోవడం ఈ కాలంలో సాధారణం. మందలించకుండా కొన్ని వారాలు ఓర్చుకుంటే చాలావరకు తగ్గుతాయి. కానీ వచ్చిన మాటలు పూర్తిగా పోయినా, ఆట మీద ఆసక్తి చచ్చిపోయినా, తిండి, నిద్ర నెలకు మించి దెబ్బతిన్నా వైద్యులకు చూపించాలి.

ఏడవ మెట్టు: ఇంట్లో జబ్బు వచ్చినప్పుడు

పసిబిడ్డను ఒంటరి గదిలో ఉంచి తలుపు మూయడం వైద్యం కాదు. బిడ్డకు జబ్బు చేస్తే ఒక పెద్దమనిషి, వీలైతే ప్రమాదం తక్కువ ఉన్నవారు, తగిన రక్షణతో వెంట ఉండాలి. 2022 వసంతంలో షాంఘైలో వ్యాధి సోకిన పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుగా ఉంచినప్పుడు తీవ్ర నిరసన రావడంతో అధికారులు ఆ పద్ధతిని సడలించక తప్పలేదు. ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే తోడు ఉండే హక్కు గురించి ముందే అడగండి. ఉండనివ్వకపోతే, బిడ్డకు అలవాటైన గుడ్డ, మీ గొంతుతో రికార్డు చేసిన పాట లేదా కథ, మొదటి మెట్టులో రాసిన కాగితం నర్సుకు ఇవ్వండి.

ఈ లక్షణాల్లో ఏ ఒక్కటి కనిపించినా ఆలస్యం చేయకుండా వైద్యుల దగ్గరికి తీసుకెళ్లాలి: పాలు గానీ నీళ్లు గానీ తాగలేకపోవడం, తాగినదంతా కక్కేయడం, ఫిట్స్, లేపినా లేవని మగత, ఊపిరి తీసినప్పుడు డొక్కలు లోపలికి పోవడం. బిడ్డ ప్రశాంతంగా ఉన్నప్పుడు పూర్తిగా ఒక నిమిషం పాటు శ్వాసలు లెక్కించండి. రెండు నెలల లోపు బిడ్డలో 60, రెండు నుంచి పన్నెండు నెలల లోపు 50, ఏడాది నుంచి అయిదేళ్ల లోపు 40, లేదా అంతకంటే ఎక్కువ ఉంటే అది వేగమైన శ్వాస. రక్తంలో ఆక్సిజన్‌ను కొలవడానికి పెద్దల వేలికి చేసిన ఆక్సీమీటరు పసివేలికి సరిగా కూర్చోదు, దాని అంకెను నమ్మి ఈ లెక్క మానకండి. మూడు నెలల లోపు బిడ్డకు 38 డిగ్రీల సెల్సియస్ జ్వరం వస్తే ఇంట్లో వేచి చూడకూడదు. జ్వరానికి పారాసెటమాల్ మోతాదు వయసును బట్టి కాక బరువును బట్టి వైద్యులు చెప్పినంతే వేయాలి. ఆస్పిరిన్ ఇవ్వకండి, వైరస్ జ్వరాల్లో అది మెదడునూ కాలేయాన్నీ దెబ్బతీసే రై సిండ్రోమ్‌కు దారితీయవచ్చు.

ఎనిమిదవ మెట్టు: మరణం సంభవిస్తే

2020 మార్చి నుంచి 2021 ఏప్రిల్ చివరి దాకా ప్రపంచంలో 15 లక్షల మందికి పైగా పిల్లలు తల్లినో, తండ్రినో, తమను చూసుకునే అవ్వాతాతలనో పోగొట్టుకున్నారని ఒక అంచనా. కాబట్టి ఈ మెట్టును దాటవేయడానికి లేదు. "నిద్రపోయింది", "ఊరెళ్లాడు" వంటి మాటలు వాడకండి. పిల్లలు నిద్రకు భయపడతారు, ఊరి నుంచి ఎప్పుడొస్తారని ఎదురుచూస్తారు. "అమ్మ చనిపోయింది. చనిపోయిన వాళ్ల ఒళ్లు ఇక పనిచేయదు, వాళ్లు తిరిగి రారు. మన అందరికీ ఏడుపొస్తోంది" అని, బిడ్డకు బాగా తెలిసిన మనిషి, ఒడిలో కూర్చోబెట్టుకుని చెప్పాలి. విన్న వెంటనే బిడ్డ ఆడుకోవడానికి వెళ్లిపోవచ్చు. అది రాతి గుండె కాదు, పసివాళ్లు దుఃఖాన్ని చిన్న చిన్న గుక్కలుగా తాగుతారు. ఆ తర్వాతి వారాల్లో ఇల్లు, పడక, చూసుకునే చేతులు వీలైనంత వరకు మారకుండా చూడాలి. ఎక్కడ పెరగాలన్న నిర్ణయం ఎవరో తెలియని సంస్థ వైపు కాక, ముందు తెలిసిన బంధువుల వైపు చూసి తీసుకోవాలి. అలా బిడ్డను చేరదీసినవారికి డబ్బు సాయం, చట్టబద్ధమైన సంరక్షక పత్రాలు అందేలా తోడుండాలి.

తొమ్మిదవ మెట్టు: తిరిగి బయటికి

ఆంక్షలు ఎత్తేసిన రోజున పెద్దలు ఊపిరి పీల్చుకుంటారు. ఇంటి మనుషులను తప్ప ఎవరినీ చూడని రెండేళ్ల బిడ్డకు మాత్రం అదే కొత్త భయాల మొదలు. ఒక్కసారిగా పెద్ద గుంపులోకి తీసుకెళ్లకుండా, మొదట ఒక కుటుంబాన్ని, తర్వాత ఇద్దరు ముగ్గురు పిల్లలను కలపండి. బడిలో వదిలేటప్పుడు చెప్పకుండా జారుకోవడం కంటే, చెప్పి, ఏడ్చినా సరే చేయి ఊపి, అన్న వేళకు తిరిగి రావడం మంచిది. ఉపాధ్యాయులు మొదటి వారాల్లో అక్షరాల వెనకబాటు కోసం తొందరపడకుండా ఆటకూ, పరిచయానికీ ఎక్కువ సమయం ఇవ్వాలి. తప్పిపోయిన టీకాలు, ఎదుగుదల పరీక్షలు, వినికిడి, మాట విషయంలో వాయిదా పడిన అనుమానాలు ఈ నెలల్లోనే చూపించుకోండి.

మొదటి మెట్టులో రాసిన కాగితాన్ని మాత్రం పారేయకండి. మూడు నెలలకొకసారి బయటికి తీసి తిరగరాయండి: బరువు మారి ఉంటుంది, దానితో మందు మోతాదూ మారుతుంది, నీళ్లను అడిగే మాట కూడా మారిపోయి ఉంటుంది.